కుడి చెయ్యి పడిపోయినవాళ్లు అన్నం ఎలా తింటున్నారు – ఇది బీఓటీ ప్రాజెక్ట్ అవుతుందా?

చింతచిగురు | జూన్ 9, రాత్రి 10:42

అందరికీ నమస్తే. నేను ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ (బీఓటీ) ఫైనల్ ఇయర్, అంటే జబ్బు చేసినవాళ్లు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదిచ్చే చదువు. మాది ఒంగోలు దగ్గర పల్లె, చదివేది పక్క రాష్ట్రంలో. మా ఆసుపత్రికి చిత్తూరు, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి పేషెంట్లు బాగా వస్తారు. వార్డులో సగం రోజు తెలుగులోనే గడిచిపోతుంది.

వచ్చే నెల పదో తారీఖు లోపల ప్రాజెక్ట్ సినాప్సిస్ (ఏం చెయ్యబోతున్నానో చెప్పే చిన్న పత్రం) ఇవ్వాలి. సీనియర్లని అడిగితే అందరూ ఒకటే చెప్పారు. "ముప్పై మంది స్ట్రోక్ వాళ్లని పట్టుకో, నాలుగు వారాలు మిర్రర్ థెరపీ (మంచి చేతిని అద్దంలో చూపిస్తూ చేయించే వ్యాయామం) ఇవ్వు, ముందో స్కోరు, తర్వాతో స్కోరు రాయి, రెండిటి తేడా చూసే పెయిర్డ్ టీ టెస్ట్ కొట్టు, పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 కన్నా తక్కువ వస్తుంది, బైండింగ్‌కి ఇచ్చెయ్."

అలాగే చేసేద్దాం అనుకున్నాను. కానీ నిన్న ఒకటి జరిగింది. మామిడి తోట ఉన్న ఒక పెద్దాయన, 58 ఏళ్లు, కుడి పక్క పడిపోయి నాలుగు నెలలు. ఆయనకి చేతి పనితనం కొలిచే జెబ్సన్ టెస్ట్ పెట్టాను. అందులో స్పూనుతో రాజ్మా గింజలు ఎత్తి డబ్బాలో వెయ్యాలి, అది తినడానికి నమూనా అన్నమాట. తంటాలు పడి ఐదూ వేశారు. స్టాప్‌వాచ్ ఆపాక, "అమ్మా, నేను పుట్టి బుద్ధెరిగాక స్పూనుతో తిన్నది పెళ్లిలో ఐస్‌క్రీమే" అన్నారు. నవ్వేశాను. మధ్యాహ్నం అటుగా వెళ్తే వాళ్లావిడ కంచంలో అన్నం కలిపి ముద్దలు పెడుతోంది, ఆయన గోడ వైపు చూస్తూ తింటున్నారు.

టెస్టులో తినగలిగిన మనిషి కంచం ముందు తినలేకపోతున్నాడు. ఇది రీసెర్చ్ ప్రశ్న అవుతుందా? లేక నాకు ఊరికే బాధేసిందా? అసలు రీసెర్చ్ ఎలా మొదలుపెడతారో నాకు తెలియదు. మెథడాలజీ సబ్జెక్టులో 68 మార్కులు వచ్చాయి, అయినా తెలియదు.

కొబ్బరాకు | జూన్ 9, రాత్రి 11:15

చెల్లీ, ఎంఓటీ (పీజీ) సెకండియర్ వాడిగా నా ఉచిత సలహా: సీనియర్లు చెప్పిందే చెయ్. గైడ్ సంతకం, ఎగ్జామినర్ టీ బిస్కెట్, నీ మార్కులు. బాధలన్నీ ఇంటర్న్‌షిప్‌లో పడొచ్చు.

వార్డు_నంబర్_ఏడు | జూన్ 10, ఉదయం 6:20

కొబ్బరాకూ, పొద్దున్నే నీ మాటతో మొదలుపెట్టించావు నన్ను.

చిగురూ, ముందు ఆ "ముప్పై మంది, నాలుగు వారాలు" సంగతి చెప్తాను, ఎందుకంటే ఏటా నా దగ్గరికి వచ్చే పిల్లలందరూ అదే తెస్తారు. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో చెయ్యి దానంతటదే కొంత తేరుకుంటుంది. నువ్వు అద్దం పెట్టినా, పెట్టకపోయినా, కాశీకి వెళ్లినా. పోల్చడానికి రెండో గుంపు లేకుండా ముందు స్కోరు, తర్వాత స్కోరు రాసుకుంటే నువ్వు కొలిచింది అద్దాన్నా, కాలాన్నా? పీ వాల్యూ బ్రహ్మాండంగా వస్తుంది. దాని అర్థం "తేడా ఉంది" అని మాత్రమే. తేడా నీ వల్ల వచ్చిందని కాదు. మిర్రర్ థెరపీ మంచిదే, నేనూ వాడతాను. దాన్ని పరీక్షించే పద్ధతి మాత్రం అది కాదు.

ఇక నీ పెద్దాయన. జెబ్సన్ టెస్ట్ 1969 నాటిది, అమెరికాలో తయారైంది. ఏడు పనులు. రాయడం అనేదానికి ఇంగ్లీషు వాక్యం చూసి రాయాలి, తినడం అనేదానికి స్పూను. వాళ్ల తప్పు లేదు, వాళ్ల బల్ల మీద ఏముందో అదే పెట్టారు. రోజువారీ పనులు ఎంత సొంతంగా చేసుకుంటున్నారో మార్కులు వేసే బార్తెల్ ఇండెక్స్ తీసుకో. 1965లో వచ్చింది, మనం ప్రతి కేస్ షీట్‌లోనూ రాస్తాం. తినడానికి పది మార్కులు రావాలంటే కోసుకోవడం, ఉప్పూ మిరియాలూ వేసుకోవడం, రొట్టెకి వెన్న రాసుకోవడం కూడా సొంతంగా చేసుకోవాలి. సాయం కావాలంటే ఐదు. ఇప్పుడు చెప్పు, భార్య అన్నం కలిపిస్తే సొంత చేత్తో ముద్ద ఎత్తి తిన్నవాడికి ఎంత వేస్తావు? ఐదా, పదా? మా డిపార్ట్‌మెంట్‌లో ఒకే రోజు ఒకే మనిషికి ఇద్దరం రెండు రకాలుగా వేశాం. ఇరవై రెండేళ్ల సర్వీసులో దాని మీద ఎవరూ కూర్చుని ఆలోచించలేదు, నాతో సహా.

కాబట్టి ప్రశ్న ఉంది. కానీ ఇంకా అది ప్రశ్న రూపంలో లేదు. ఒక వారం పాటు మీ పోస్టింగ్ వార్డులోనే మధ్యాహ్నం భోజనాల వేళ ఉండు. ఫామ్ వద్దు, ఫోన్ వద్దు, ఎవరి పేరూ రాసుకోవద్దు. ఇది డేటా కాదు, నీ కళ్లకి తర్ఫీదు. వచ్చి ఏం చూశావో ఇక్కడ చెప్పు.

పెన్నా_ఒడ్డు | జూన్ 10, మధ్యాహ్నం 1:05

నేను థెరపిస్టుని కాదు, మా నాన్నకి స్ట్రోక్ వచ్చినప్పుడు ఈ గ్రూపులో చేరాను. చెల్లెమ్మ రాసింది చదివి ఆగలేక రాస్తున్నా.

నాన్నకి కుడి చెయ్యి పోయింది. థెరపీలో "ఎడమ చేత్తో అలవాటు చేసుకోండి" అన్నారు. ఆయన తల ఊపారు. ఇంటికొచ్చాక ఒక్కసారి కూడా ఎడమ చెయ్యి కంచంలో పెట్టలేదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు కదా. ఆ చెయ్యి దేనికి వాడతామో ఆ చేత్తో అన్నం ముట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. స్పూను ఇస్తే "రోగిష్టివాడిలా" అనేవారు. అమ్మ తినిపిస్తే తినేవారు. అమ్మ ఊరెళ్తే రెండు రోజులు పాలు, అరటిపండ్లు. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. డాక్టరు షుగర్ వల్ల అన్నారు. కాదండీ, సిగ్గు వల్ల.

ఆసుపత్రి కాగితంలో మాత్రం "ఎడమ చేత్తో స్వతంత్రంగా తినగలరు" అని ఉంది.

చింతచిగురు | జూన్ 10, రాత్రి 9:50

అన్నా, ఆ చివరి వాక్యం నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. మీరు ఒప్పుకుంటేనే ఉంచుతాను.

పెన్నా_ఒడ్డు | జూన్ 10, రాత్రి 10:02

ఉంచుకోమ్మా. నాన్న ఇప్పుడు లేరు. ఉంటే ఆయనే ఇంకా ఘాటుగా చెప్పేవారు.

పరాయిదేశం_థెరపిస్ట్ | జూన్ 11, తెల్లవారుజామున 4:30

ఆస్ట్రేలియా నుంచి. ఇక్కడ దీనికి సులువైన దారి ఉంది, సీఓపీఎం (కెనేడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్). 1991లో కెనడా వాళ్లు తెచ్చారు. పేషెంటునే అడుగుతాం: రోజువారీ పనుల్లో మీకు ఇబ్బందిగా ఉన్నవి చెప్పండి, ముఖ్యమైనవి ఐదు ఎంచుకోండి, ఎంత బాగా చేయగలుగుతున్నారో పదికి వేయండి, ఎంత తృప్తిగా ఉందో పదికి వేయండి. తర్వాత మళ్లీ అడిగితే రెండు పాయింట్లు పెరిగితే చెప్పుకోదగ్గ మార్పు అంటారు. కొత్తగా ఫామ్ కనిపెట్టాల్సిన పనేముంది? స్టూడెంట్లు సొంత స్కేలు తయారు చేస్తామంటే నాకు భయం. చక్రాన్ని మళ్లీ చెక్కడం ఎందుకు?

వార్డు_నంబర్_ఏడు | జూన్ 11, ఉదయం 6:45

సీఓపీఎం నాకూ ఇష్టమే. కానీ మా వార్డులో దాంతో ఒక ఇబ్బంది. కుప్పం నుంచి వచ్చిన అవ్వని "పదికి ఎంత వేస్తావవ్వా" అంటే "నువ్వే ఏదో ఒకటి వేసుకో తల్లీ" అంటుంది. అదే "రూపాయిలో ఎంత నయమైంది" అంటే టక్కున "ఎనిమిదణాలు" అంటుంది. ఆలోచించే చెప్తుంది కూడా, "ఎనిమిది కాదులే, ఆరు" అని సవరిస్తుంది. ఈ తరంలో ఇలా లెక్క కట్టే మనుషులు ఉన్నారు. వాళ్ల లోపల స్కేలు ఉంది, మన స్కేలు కాదంతే.

అలాగని పదిని పదహారు అణాలుగా మార్చేసి దాన్ని సీఓపీఎం అనకూడదు. అప్పుడు రెండు పాయింట్ల లెక్క చెల్లదు. ఇంకోటి, దానికి లైసెన్సు ఉంది, జిరాక్స్ తీసి వాడుకునేది కాదు.

పరాయిదేశం_థెరపిస్ట్ | జూన్ 11, ఉదయం 8:10

అణాల సంగతి ఒప్పుకుంటున్నా, మా నాయనమ్మ గుర్తొచ్చింది. అయితే అనువాదం పద్ధతిగా చేయొచ్చుగా?

లెక్కలపిచ్చి | జూన్ 11, రాత్రి 8:30

నేను బయోస్టాటిస్టిక్స్ చెప్పే మనిషిని. థెరపీ తెలియదు, కాబట్టి ధైర్యంగా మాట్లాడతాను.

ఒక స్కేలుని ఇంకో భాషలోకి తేవడానికి అందరూ పాటించే క్రమం 2000లో బీటన్ బృందం రాసింది. ఇద్దరు వేర్వేరుగా తెలుగులోకి మార్చాలి. ఆ రెండూ కలిపి ఒకటి చెయ్యాలి. అసలు స్కేలు చూడని ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. కమిటీ కూర్చుని తేడాలు చూడాలి. ఆ తర్వాత ముప్పై, నలభై మంది మీద ప్రయత్నించి చూడాలి. అప్పటికి స్కేలు పుట్టింది అంతే, నిజంగా కొలుస్తుందా లేదా అన్నది ఇంకో చదువు. బీఓటీ ప్రాజెక్టుకి ఉన్న ఆర్నెల్లలో ఒక్క అమ్మాయి చెయ్యగలిగే పని కాదిది.

చింతచిగురు గారూ, మీ దగ్గర ఇప్పుడు కనీసం నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, పులిహోరలా. ఒకటి, ఎంత మంది సొంతంగా తింటున్నారు. రెండు, ఎడమ చెయ్యి ఎందుకు వాడరు. మూడు, స్కోరుకీ అసలు భోజనానికీ పొత్తు ఉందా. నాలుగు, ఇద్దరు థెరపిస్టులు చూస్తే ఒకే మార్కు వేస్తారా. మొదటిదానికి లెక్కింపు, రెండోదానికి కూర్చుని మాట్లాడటం, మూడోదానికి పోలిక, నాలుగోదానికి ఒప్పుదల కొలత. నాలుగింటికీ నాలుగు పద్ధతులు. ఒకటి ఎంచుకోండి. మిగతా మూడూ మీ జూనియర్లకి వదిలేయండి, ఆస్తి పంపకంలాగా.

కొబ్బరాకు | జూన్ 11, రాత్రి 9:00

మాస్టారూ, ఈ మాట రెండేళ్ల కింద నాకెవరైనా చెప్పి ఉంటే నా థీసిస్ టైటిల్ నాలుగు లైన్లు ఉండేది కాదు.

చింతచిగురు | జూన్ 18, రాత్రి 10:20

మేడమ్, వారం అయింది. చెప్పినట్టే ఊరికే చూశాను. మొదటి రెండు రోజులు నాకేమీ కనబడలేదు. అన్నం తింటున్నారు, అంతే. మూడో రోజు నుంచి కనబడటం మొదలైంది.

మనం చేత్తో తినడం అనేది ఒక పని కాదు, నాలుగు పనులు. కలపడం, ముద్ద చెయ్యడం, ఎత్తడం, నోట్లోకి నెట్టడం. చివరిదాన్ని నేను ఇరవై ఒక్క ఏళ్లుగా చేస్తూ ఎప్పుడూ గమనించలేదు. నాలుగు వేళ్లూ గరిటెలా వంగి ముద్దని మోస్తాయి. పెదవుల దగ్గరికి వచ్చాక బొటనవేలు వెనక నుంచి ముందుకు తోస్తుంది. ఆ బొటనవేలి తోపు లేకపోతే ముద్ద నోటి దాకా వచ్చి వేళ్ల మీదే ఉండిపోతుంది. అప్పుడు మనిషి తల కిందికి వంచి నోటితో అందుకుంటాడు. అది పక్కవాళ్లు చూస్తారని సిగ్గు. స్పూనుకి ఈ తోపు అక్కర్లేదు, మణికట్టు తిప్పితే చాలు. అందుకే మా పెద్దాయన టెస్టులో నెగ్గారు.

ఇంకోటి. ఏం తింటున్నారన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుంది. ముద్దపప్పు అన్నం తినగలిగిన మనిషి రసం అన్నానికి చేతులెత్తేస్తున్నాడు, వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. పెరుగన్నం ఆ రెండిటికీ మధ్యలో. సోమవారం చూస్తే "సొంతంగా", మంగళవారం చూస్తే "సాయంతో".

కలిపే పని దాదాపు అందరికీ భార్యో కోడలో చేసేస్తున్నారు, అడగకముందే. ఆడ పేషెంట్లకి మాత్రం ఎవరూ కలిపి పెట్టడం లేదు, వాళ్లే ఎలాగో తంటాలు పడుతున్నారు. దీన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు.

వార్డు_నంబర్_ఏడు | జూన్ 19, ఉదయం 6:15

బొటనవేలి సంగతి రెండుసార్లు చదివి, ఇడ్లీ తింటూ నా చెయ్యి నేనే చూసుకున్నాను.

ఆడవాళ్ల గురించి రాసింది రాసి పెట్టుకో. వారం రోజుల చూపుతో తేల్చేది కాదు, వదిలేసేదీ కాదు.

ఒక హెచ్చరిక. కుడి చెయ్యి పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమ భాగానికి. చాలామందికి మాట కూడా ఆ వైపే ఉంటుంది. అంటే నువ్వు చూడాలనుకునే వాళ్లలో మాట పోయినవాళ్లు ఎక్కువ ఉంటారు. అందరూ చేసే పని, "మాట్లాడలేనివారిని తీసుకోలేదు" అని ఒక లైను రాసి తప్పించుకోవడం. నీది చూసి రాసుకునే పనే కదా, మాటలు ఎందుకు? వాళ్లని తీసుకో. సమ్మతి విషయంలో జాగ్రత్త పడాలి, అంతే. ఇంకా, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లని స్పీచ్ థెరపిస్ట్ చూసి సరే అన్నాకే తీసుకో. పరిశోధన కోసం ఎవరి గొంతులోనూ ముద్ద అడ్డం పడకూడదు.

చింతచిగురు | జూన్ 19, రాత్రి 11:30

ఎంచుకున్నాను. మాస్టారు చెప్పిన నాలుగోది. చేత్తో తినడాన్ని నాలుగు అంచెలుగా విడగొట్టి చూసే ఒక ఫామ్, దాన్ని ఇద్దరు థెరపిస్టులు విడివిడిగా వేస్తే ఎంతవరకు ఒప్పుతుంది. గైడ్ మేడమ్ మొదట "ఇంత చిన్నదా" అన్నారు, తర్వాత "చిన్నదే నయం" అన్నారు.

కొబ్బరాకు | జూన్ 20, మధ్యాహ్నం 2:40

అభినందనలు. ఇప్పుడు నా కథ చెప్తాను, నవ్వకండి.

నేను సినాప్సిస్ ఇచ్చేశాక, పరిశోధనకి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ మీటింగ్ రెండు నెలలు వాయిదా పడింది. "ఎలాగూ ఇస్తారు కదా" అని పదకొండు మందిని చేసేశాను. కమిటీలో ఒక లాయరు గారు ఉన్నారు. మొదటి పేషెంటు తేదీ ఎప్పుడు అని అడిగారు. చెప్పాను. గదిలో ఏసీ శబ్దం వినబడింది. పదకొండు మంది డేటా మొత్తం పక్కన పెట్టించారు. వాళ్లలో ఒకాయన రోజూ నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చేవాడు. ఆయనకి ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తలేదు. ఈ కథలో నాకు ఇప్పటికీ సిగ్గనిపించేది అదే.

పైలట్‌కి, అంటే ముందుగా కొద్దిమంది మీద చేసి చూసేదానికి కూడా అనుమతి కావాలి. "పైలటే కదా" అని మొదలుపెట్టకు.

వార్డు_నంబర్_ఏడు | జూన్ 20, సాయంత్రం 5:30

ఆయనకి ఇప్పుడైనా ఫోన్ చెయ్.

చిగురూ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, సమ్మతి అధ్యాయం మొత్తం చదువు. సమ్మతి పత్రం పేషెంటుకి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివాళ్లకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి, మీ టీమ్‌కి సంబంధం లేని ఒక సాక్షి సంతకం కావాలి. సొంతంగా నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్లకి చట్టప్రకారం అర్హత ఉన్న ఇంటివాళ్లు సంతకం చెయ్యాలి. అప్పుడు కూడా పేషెంటు మొహం చూడు. చెయ్యి అడ్డంగా ఊపితే, సంతకం ఉన్నా సరే, లేచి వచ్చెయ్. వీడియో తీస్తే దానికి విడిగా అడగాలి. మెడ కింద నుంచి తీస్తే మంచిదే కానీ నీకు నోరు కావాలి, కాబట్టి కమిటీకి ముందే చెప్పు.

తెలుగు పత్రం రాసేటప్పుడు "భాగస్వామి స్వచ్ఛంద అంగీకారం" లాంటివి రాయకు. "ఇది మీ ఇష్టం. వద్దంటే మీ వైద్యానికి ఏ లోటూ రాదు. మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనరు" అని రాయి.

సందేహాలరావు | జూన్ 21, ఉదయం 10:10

మధ్యలో దూరుతున్నందుకు సారీ. లిటరేచర్ రివ్యూ చాట్‌జీపీటీతో చేయించుకోవచ్చా? నాకు ఇరవై రిఫరెన్సులు నీట్‌గా ఇచ్చింది.

లెక్కలపిచ్చి | జూన్ 21, ఉదయం 10:40

ఆ ఇరవై పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైటు) ఒక్కొక్కటే వెతికి చూడండి. ఎన్ని నిజంగా ఉన్నాయో ఇక్కడ చెప్పండి.

సందేహాలరావు | జూన్ 21, మధ్యాహ్నం 12:55

తొమ్మిది.

లెక్కలపిచ్చి | జూన్ 21, మధ్యాహ్నం 1:00

ఆ తొమ్మిదైనా చదివి, అందులో ఉందని అది చెప్పిందే ఉందేమో చూడండి. దొరికినవి జొటెరోలో దాచుకోండి, రిఫరెన్సులు పెట్టుకునే సాఫ్ట్‌వేర్, ఉచితం. వేరే పోస్టు పెట్టుకోండి, ఈ చర్చని దారి మళ్లించొద్దు.

చింతచిగురు | సెప్టెంబర్ 14, రాత్రి 9:35

చాలా రోజులైంది. ఆగస్టులో ఎథిక్స్ అనుమతి వచ్చింది. ఇప్పుడు నేనూ, వార్డులో ఒక స్టాఫ్ థెరపిస్ట్ మేడమ్ కలిసి ప్రాక్టీసుగా 20 వీడియోలు విడివిడిగా వేశాం. ముందు ఒక్క ప్రశ్నే: ముద్ద సొంతంగా చేశారా, సాయంతోనా. 20లో 15 కలిశాయి. 75 శాతం! బాగున్నట్టే కదా? ఎందుకో మాస్టారు ఒప్పుకోరేమో అని భయంగా ఉంది.

లెక్కలపిచ్చి | సెప్టెంబర్ 14, రాత్రి 10:05

భయపడటం నేర్చుకున్నారంటే సగం స్టాటిస్టిక్స్ వచ్చినట్టే. విడివిడి అంకెలు ఇవ్వండి.

చింతచిగురు | సెప్టెంబర్ 14, రాత్రి 10:12

ఇద్దరం "సొంతంగా" అన్నవి 9. ఇద్దరం "సాయంతో" అన్నవి 6. నేను సొంతంగా, ఆవిడ సాయంతో అన్నవి 3. దానికి తిరగేసి 2.

లెక్కలపిచ్చి | సెప్టెంబర్ 14, రాత్రి 10:50

కాగితం తీసుకోండి. మీరు మొత్తం 12 సార్లు "సొంతంగా" అన్నారు, అంటే 0.60. ఆవిడ 11 సార్లు, 0.55. మీరిద్దరూ కళ్లు మూసుకుని ఇదే నిష్పత్తిలో నోటికొచ్చింది అన్నా, ఇద్దరూ "సొంతంగా" అనే అవకాశం 0.60ని 0.55తో గుణిస్తే 0.33. ఇద్దరూ "సాయంతో" అనే అవకాశం 0.40ని 0.45తో గుణిస్తే 0.18. కలిపితే 0.51. అంటే వీడియో చూడకపోయినా సగం కలిసేవే.

చూడటం వల్ల అదనంగా వచ్చింది 0.75 మైనస్ 0.51, అంటే 0.24. అదనంగా రాగలిగిన గరిష్ఠం 1 మైనస్ 0.51, అంటే 0.49. భాగించండి: 0.49. ఇదే కప్పా, 1960లో కోహెన్ ఇచ్చిన కొలత. లాండిస్, కోచ్ 1977లో వేసిన మెట్ల ప్రకారం 0.41 నుంచి 0.60 దాకా ఒక మోస్తరు. ఆ మెట్లు వాళ్లు అనుకుని పెట్టుకున్నవే, వేదవాక్కు కాదు. కానీ రోగి చార్టులో రాసే మార్కుకి ఒక మోస్తరు చాలదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ముట్టుకోకండి. ఆ ఐదు వీడియోలూ మళ్లీ పెట్టుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి.

చింతచిగురు | సెప్టెంబర్ 17, రాత్రి 8:45

కూర్చున్నాం. ఐదింటిలో నాలుగింటికి కారణం ఒకటే, ఎడమ చెయ్యి! పేషెంటు కుడి చేత్తోనే ముద్ద చేస్తున్నాడు, కానీ ఎడమ చేత్తో కంచం అంచు పట్టుకుని వంచుతున్నాడు, లేదా కుడి మణికట్టుని కింద నుంచి మోస్తున్నాడు. అది నాకు సొంతమే, ఆయన చెయ్యే కదా. ఆవిడకి అది సాయం. అరగంట వాదించుకున్నాం. ఎవరూ తప్పు కాదు, ఫామ్‌లో ఆ గడి లేదు.

ఐదో వీడియోలో నేనే తప్పు. నాకా తాతయ్య ఇష్టం, తినాలని కోరుకుంటూ చూశాను.

ఇప్పుడు ఫామ్‌లో మూడు గడులు: సొంతంగా, తన రెండో చేతి ఆసరాతో, మనిషి సాయంతో. ఒక్కో గడికి ఏం కనబడితే టిక్ పెట్టాలో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకున్నాం. తిండి కూడా ఒకటే చేశాం, ముద్దపప్పు అన్నం, ఒకే గిన్నె కొలత, అంచు లేని స్టీలు పళ్లెం.

పరాయిదేశం_థెరపిస్ట్ | సెప్టెంబర్ 18, తెల్లవారుజామున 5:00

"తినాలని కోరుకుంటూ చూశాను" అని రాశావు చూడు, దాని కోసమే ట్రయల్స్‌లో స్కోరు వేసే మనిషికి ఎవరికి ఏ చికిత్స ఇచ్చారో చెప్పరు. 1997లో లాస్ ఏంజెలెస్‌లో 361 మంది వృద్ధులతో మన వృత్తిలో పేరున్న ట్రయల్ ఒకటి జరిగింది. ఒక గుంపుకి ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), ఒక గుంపుకి ఊరికే కలిసి కాలక్షేపం, మూడో గుంపుకి ఏమీ లేదు. కాలక్షేపం గుంపు ఏమీ లేని గుంపు కంటే మెరుగవలేదు, ఓటీ గుంపు మెరుగైంది. ఆ మధ్య గుంపే లేకపోతే "నలుగురూ కలిస్తే ఎవరికైనా బాగానే ఉంటుంది" అని కొట్టిపారేసేవారు. ఆ పేపర్ తీసి చదువు. నీ చిన్న ప్రాజెక్టులో ఆ గడి లేకపోవడమూ, అక్కడ ఆ గుంపు లేకపోవడమూ ఒకే జాతి ప్రశ్నలు.

చక్రం మళ్లీ చెక్కుతున్నావని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

చింతచిగురు | ఫిబ్రవరి 22, రాత్రి 9:10

వైవా అయిపోయింది.

ముప్పై మంది అనుకున్నాను, దొరికింది 22. సంక్రాంతికి వార్డు సగం ఖాళీ అయిపోయింది, నేను ప్లానులో పండగ వేసుకోలేదు. ఇద్దరు మధ్యలో వద్దన్నారు, వాళ్ల వీడియోలు చెరిపేశాం. కలపడం, ఎత్తడం అంచెల్లో మేమిద్దరం బాగానే కలిశాం. ముద్ద చెయ్యడం సెప్టెంబర్ కంటే చాలా మెరుగు. బొటనవేలి తోపు దగ్గర మాత్రం కప్పా బాగా తక్కువ వచ్చింది. నేను అంత మురిసిపోయిన అంచె అదే! వేళ్లు నోటికి అడ్డం వచ్చి కెమెరాకి కనబడటం లేదు, అదీ కారణం. పక్క నుంచి ఇంకో కెమెరా ఉండాల్సింది.

ఆ అంచెని రిపోర్టులోంచి తీసేద్దామా అని ఒక రాత్రి ఆలోచించాను. మిగతావన్నీ బాగుండేవి. తీయలేదు, ఉన్నది ఉన్నట్టు పెట్టాను. ఎగ్జామినర్ గారు నేరుగా ఆ పేజీకే వెళ్లారు. "ఇది ఎందుకు పనిచెయ్యలేదు" అని అడిగి, ఇరవై నిమిషాల వైవాలో పన్నెండు నిమిషాలు దాని మీదే మాట్లాడించారు. చెమటలు పట్టాయి, కానీ జవాబులన్నీ నా దగ్గర ఉన్నాయి, ఎందుకంటే నేను అక్కడ ఉన్నాను.

టైటిల్ బయటికి వచ్చిన మూడో రోజు నుంచి "డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని మెయిల్స్. ఏడు రోజుల్లో పబ్లిష్ చేస్తారట, నాలుగు వేలు కడితే.

కొబ్బరాకు | ఫిబ్రవరి 22, రాత్రి 9:25

కట్టకు. నేను కట్టాను, తర్వాత ఏడాదికి ఆ వెబ్‌సైటే మాయమైంది. మన సంఘం పత్రిక ఐజేఓటీకి (ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) పంపించు. లేటవుతుంది, తిట్టి తిప్పి పంపిస్తారు, మళ్లీ రాయాలి. అయినా అక్కడికే పంపించు.

అన్నట్టు ఆ బస్సు పెద్దాయనకి జూన్‌లోనే ఫోన్ చేశాను. తిట్టలేదు. "చెయ్యి ఎలా ఉందో అడుగుతావనుకున్నా" అన్నాడు. అడిగాను.

పెన్నా_ఒడ్డు | ఫిబ్రవరి 23, ఉదయం 7:30

చెల్లెమ్మా, ఆ మామిడి తోట పెద్దాయన ఏమయ్యారు?

చింతచిగురు | ఫిబ్రవరి 23, రాత్రి 8:00

ఆయన నా 22 మందిలో లేరన్నా, అనుమతి వచ్చేసరికే ఇంటికి వెళ్లిపోయారు. డిసెంబర్‌లో చెకప్‌కి వచ్చారు. వాళ్లావిడ ఇంట్లో పళ్లెం మార్చేసిందట, నిలువు అంచు ఉన్న గిన్నెలాంటిది. అన్నం అంచుకి ఆనించి ముద్ద చేస్తున్నారు, ఎడమ చెయ్యి గిన్నె పట్టుకుంటుంది, అన్నాన్ని ముట్టుకోదు. ఎవరూ నేర్పలేదు, వాళ్లే కనిపెట్టుకున్నారు. రసం అన్నం మాత్రం తాగేస్తున్నారు.

సందేహాలరావు | ఫిబ్రవరి 24, ఉదయం 11:20

ఫామ్ షేర్ చేస్తారా? మా దగ్గర పేషెంట్లు రాత్రిళ్లు చపాతీ తింటారు, దానికి పనికొస్తుందా?

చింతచిగురు | ఫిబ్రవరి 24, మధ్యాహ్నం 1:15

గైడ్ మేడమ్‌ని అడిగి షేర్ చేస్తాను. చపాతీకి పనికిరాదు. ఒంటి చేత్తో చపాతీ తుంచడం వేరే పని. మీరు ముందు ఒక వారం ఊరికే చూడండి, ఫోన్ లేకుండా.